రాస్టర్ విస్తృతి: క్రాప్, రాస్టరైజ్ ప్రక్రియలలో జాలకం ప్రాధాన్యం

ఉపగ్రహ చిత్రాల ఆధారంగా పంటల విస్తీర్ణాన్ని లెక్కించడం, మండలాల వారీగా వర్షపాతాన్ని అంచనా వేయడం, పొలం స్థాయిలో పైరు ఎదుగుదలను పరిశీలించడం నేడు వ్యవసాయ పరిశోధనలోను, విస్తరణ కార్యక్రమాలలోను సాధారణ విషయాలయ్యాయి. ఈ పనులన్నింటిలో రెండు రకాల సమాచారం కలుస్తుంది. మొదటిది సమాన పరిమాణం గల గడులుగా అమరిన రాస్టర్. రెండవది పొలం, గ్రామం, మండలం వంటి వాటి సరిహద్దులను తెలిపే బహుభుజి. ఈ రెండింటినీ కలిపేటప్పుడు విస్తృతులు సరిపోలడం లేదన్న సందేశం సాఫ్ట్‌వేర్ నుంచి రావడం విద్యార్థులకు తరచుగా ఎదురయ్యే అనుభవం. అయితే అటువంటి సందేశం వచ్చినప్పుడు పొరపాటును సరిదిద్దుకొనే అవకాశం ఉంటుంది. ఏ సందేశమూ లేకుండా తప్పుడు సంఖ్య వెలువడే సందర్భాలే ఎక్కువ నష్టం కలిగిస్తాయి. ఆ సందర్భాలు ఎందుకు ఏర్పడతాయో, వాటిని ఏ క్రమంలో నివారించవచ్చో ఈ వ్యాసంలో వివరించడమైనది.

ఇక్కడ విస్తృతి అనే పదాన్ని ఎక్స్‌టెంట్ అనే అర్థంలో, అంటే ఒక రాస్టర్ లేదా బహుభుజి వ్యాపించిన దీర్ఘచతురస్రపు నాలుగు హద్దుల అర్థంలో వాడడం జరిగింది. ఎకరాలలోనో హెక్టార్లలోనో చెప్పే వైశాల్యానికి విస్తీర్ణం అనే పదాన్నే ఉంచడమైనది.

రాస్టర్‌ను నిర్వచించే అంశాలు

ఒక రాస్టర్ భూమిపై ఎక్కడ ఉన్నదో నిర్ణయించడానికి నాలుగు అంశాలు చాలు. అవి నిరూపక వ్యవస్థ, గడి పరిమాణం, విస్తృతి, అడ్డు నిలువు వరుసల సంఖ్య. ఇవి ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. విస్తృతి వెడల్పును నిలువు వరుసల సంఖ్యతో భాగిస్తే గడి వెడల్పు వస్తుంది. అందువల్ల వరుసల సంఖ్యను అలాగే ఉంచి విస్తృతిని మారిస్తే గడి పరిమాణం మారిపోతుంది.

వీటికి తోడు గమనించవలసిన ఐదవ అంశం జాలకపు మూలబిందువు. పడమటి హద్దు నిరూపకాన్ని గడి పరిమాణంతో భాగించగా మిగిలే శేషమే దీనికి సులభమైన కొలత. దక్షిణపు హద్దుకు కూడా ఇదే విధంగా లెక్కించవచ్చు. రెండు రాస్టర్ల నిరూపక వ్యవస్థ, గడి పరిమాణం, ఈ శేషాలు ఒకటే అయితే అవి ఒకే జాలకంపై ఉన్నట్లు. అప్పుడు వాటి విస్తృతులు వేరుగా ఉన్నా గడులు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. శేషాలు వేరైతే విస్తృతులు దాదాపు సమానంగా కనిపించినా గడులు ఒకదానికొకటి పక్కకు జరిగి ఉంటాయి.

బహుభుజికి ఇటువంటి జాలకం ఏదీ లేదు. దాని హద్దులు ఎక్కడైనా ఉండవచ్చు. కాబట్టి బహుభుజి విస్తృతి రాస్టర్ గడుల అంచులతో కలవడం అరుదు. తక్కిన చర్చ అంతా ఈ ఒక్క విషయం నుంచే వస్తుంది.

గడి కేంద్రం, గడి అంచు

విస్తృతి అంటే అంచుల నిరూపకాలు. అనేక సమాచార పట్టికలు మాత్రం గడి కేంద్రాల నిరూపకాలను ఇస్తాయి. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్ల కలిగే ఫలితాన్ని భారత వాతావరణ శాఖ వారి 0.25 డిగ్రీల వర్షపాత సమాచారంతో స్పష్టంగా చూడవచ్చు. 1901 నుంచి లభించే ఈ సమాచారం 66.5 నుంచి 100.0 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు 135 బిందువులుగా, 6.5 నుంచి 38.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం వరకు 129 బిందువులుగా అమరి ఉంటుంది. ఇవి గడుల కేంద్రాలు. సరైన విస్తృతి కావాలంటే ప్రతి వైపునా సగం గడి, అంటే 0.125 డిగ్రీలు బయటికి జరపాలి. అప్పుడు తూర్పు పడమర హద్దులు 66.375, 100.125 గాను, దక్షిణ ఉత్తర హద్దులు 6.375, 38.625 గాను వస్తాయి.

అలా జరపకుండా 66.5, 100.0 లనే హద్దులుగా ఇస్తే గడి వెడల్పు 33.5ను 135తో భాగించగా 0.2481 డిగ్రీలకు తగ్గుతుంది. పటం తెరపై చూడడానికి బాగానే ఉంటుంది. కానీ ప్రతి గడి తన అసలు స్థానం నుంచి కొంత జరిగి ఉంటుంది. ఈ జరుగుబాటు అంతటా ఒకటిగా ఉండదు. పటం మధ్యలో సున్నా, అంచుల వద్ద దాదాపు సగం గడి. అనంతపురం పరిసరాలలోని 14.75 డిగ్రీల అక్షాంశం, 77.5 డిగ్రీల రేఖాంశం గల గడి ఉత్తరానికి సుమారు 6.6 కిలోమీటర్లు, తూర్పునకు సుమారు 4.6 కిలోమీటర్లు జరుగుతుంది. కేంద్రాన్ని గడి నైరుతి మూలగా భావించే మరో రకం పొరపాటులో పటమంతా ఒకే విధంగా ఉత్తరానికి 13.8 కిలోమీటర్లు, మన అక్షాంశాలలో తూర్పునకు 13 కిలోమీటర్లకు పైగా జరుగుతుంది. ఒక మండలం వర్షపాతం పక్క మండలానికి చేరడానికి ఈ దూరం చాలు. వర్షాభావం కరువు నిర్ధారణలో ప్రధాన ప్రమాణమైనందున ఇది కేవలం సాంకేతిక లోపంగా మిగిలిపోదు.

ఇదే సమాచారాన్ని బైనరీ రూపంలో చదివేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. అందులో మొదటి వరుస దక్షిణపు చివరిది. రాస్టర్ సాఫ్ట్‌వేర్లు సాధారణంగా మొదటి వరుసను ఉత్తరపు చివరిదిగా తీసుకుంటాయి. కాబట్టి చదివిన వెంటనే పటాన్ని పైకి కిందికి తిప్పవలసి ఉంటుంది. ఆ తరువాత గడి పరిమాణం సరిగ్గా 0.25 వచ్చినదో లేదో చూస్తే అంచు, కేంద్రం విషయంలో జరిగిన మొదటి రకం పొరపాటు బయటపడుతుంది. రెండవ రకంలో గడి పరిమాణం మారదు. దానిని పట్టుకోవడానికి తెలిసిన ఒక గడి కేంద్రం నిరూపకాలను సరిచూడవలసిందే.

క్రాప్ ప్రక్రియ

క్రాప్ అంటే రాస్టర్‌ను దీర్ఘచతురస్రాకారంలో కత్తిరించడం. గడిని సగానికి కోయడం సాధ్యం కాదు. అందువల్ల సాఫ్ట్‌వేర్ బహుభుజి విస్తృతిని తీసుకొని దానిని గడుల అంచులకు సర్దుతుంది. ఈ సర్దుబాటుకు మూడు పద్ధతులు ఉన్నాయి. సమీప పద్ధతిలో ప్రతి హద్దు దగ్గరలోని అంచుకు చేరుతుంది. లోపలి పద్ధతిలో హద్దులు లోనికి, బయటి పద్ధతిలో వెలుపలికి జరుగుతాయి. ఆర్ భాషలోని టెర్రా ప్యాకేజీలో ప్రత్యేకంగా చెప్పనప్పుడు సమీప పద్ధతి అమలవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఎకరం 4,047 చదరపు మీటర్లు. చతురస్రాకారంలో ఉంటే దాని భుజం సుమారు 63.6 మీటర్లు. యూటీఎం 44వ జోన్‌లో ఇటువంటి పొలం పడమటి హద్దు 3,45,672.4 మీటర్లు, తూర్పు హద్దు 3,45,736.0 మీటర్లు, దక్షిణపు హద్దు 19,23,418.7 మీటర్లు, ఉత్తరపు హద్దు 19,23,482.3 మీటర్లు అనుకుందాం. సెంటినెల్-2 ఉపగ్రహపు 10 మీటర్ల గడుల అంచులు 10 గుణిజాలపై ఉంటాయి. సమీప పద్ధతిలో 7 నిలువు వరుసలు, 6 అడ్డు వరుసలతో 42 గడులు వస్తాయి. లోపలి పద్ధతిలో 5 నిలువు, 6 అడ్డు వరుసలతో 30 గడులు, బయటి పద్ధతిలో 7 నిలువు, 8 అడ్డు వరుసలతో 56 గడులు వస్తాయి. పొలం ఒకటే, చిత్రం ఒకటే. పద్ధతి మాత్రమే వేరు.

ఏ పద్ధతి సరైనదన్నది తరువాత చేయబోయే పనిని బట్టి ఉంటుంది. గడి కేంద్రం బహుభుజిలో ఉంటేనే ఆ గడిని లెక్కలోకి తీసుకొనే నియమం పాటిస్తే సమీప పద్ధతి సురక్షితం. కేంద్రం లోపల ఉన్న ఏ గడినీ అది కోల్పోదు. బహుభుజి తాకిన ప్రతి గడినీ తీసుకోదలచినా, గడిలో ఎంత భాగం కప్పబడిందో దానిని బట్టి భారం ఇవ్వదలచినా బయటి పద్ధతి తప్పనిసరి. పై ఉదాహరణలో సమీప పద్ధతి దక్షిణాన 1.3 మీటర్లు, ఉత్తరాన 2.3 మీటర్లు పొలాన్ని ముందుగానే వదిలివేసింది. ఒకసారి వదిలిన గడులను తరువాతి ప్రక్రియలేవీ తిరిగి తీసుకురాలేవు.

క్రాప్ తరువాత మాస్క్ చేయడం కూడా మరువరాదు. క్రాప్ దీర్ఘచతురస్రాన్ని ఇస్తుంది, మాస్క్ బహుభుజి ఆకారాన్ని ఇస్తుంది. వంకరగా సాగిన గ్రామ సరిహద్దు విషయంలో క్రాప్‌తో ఆపివేస్తే పొరుగు గ్రామాల పొలాలు కూడా సగటులో కలుస్తాయి. మాస్క్ చేసిన చోట వెలుపలి గడులకు విలువ లేనట్లుగా నమోదు కావాలి. వాటికి సున్నా ఇస్తే ఎన్‌డీవీఐ సగటు అకారణంగా పడిపోతుంది.

రాస్టరైజ్ ప్రక్రియ

బహుభుజిని గడులుగా మార్చడమే రాస్టరైజ్. ఇక్కడ సాధారణంగా జరిగే తప్పు బహుభుజి విస్తృతి నుంచే కొత్త రాస్టర్‌ను సృష్టించడం. పై పొలానికి అలా చేస్తే కొత్త జాలకం 3,45,672.4 వద్ద మొదలవుతుంది. శేషం 2.4. ఉపగ్రహ చిత్రపు శేషం సున్నా. గడి పరిమాణం రెండింటిలోనూ 10 మీటర్లే అయినా ఇవి వేర్వేరు జాలకాలు. ఒకదానితో మరొకదానిని గుణించడానికి పూనుకుంటే సాఫ్ట్‌వేర్ నిరాకరిస్తుంది.

ఈ నిరాకరణను తప్పించుకోవడానికి కొందరు ఒక రాస్టర్ విస్తృతిని మరొకదానికి నేరుగా ఆపాదిస్తారు. అన్నింటికంటె హానికరమైన పని ఇదే. టెర్రా ప్యాకేజీలో ఈ ఆదేశం వరుసల సంఖ్యను మార్చదు, సమాచారాన్ని తిరిగి గణించదు. ఉన్న గడులను కొత్త హద్దుల మధ్య సాగదీయడమో కుదించడమో చేస్తుంది. 7 నిలువు, 6 అడ్డు వరుసలుగా క్రాప్ చేసిన చిత్రానికి పొలం విస్తృతిని ఆపాదిస్తే గడి వెడల్పు 9.09 మీటర్లు, ఎత్తు 10.6 మీటర్లు అవుతుంది. సందేశం మాయమవుతుంది, తప్పు మాత్రం ఉండిపోతుంది.

సరైన మార్గం ఒక్కటే. విశ్లేషించబోయే ఉపగ్రహ చిత్రాన్నే ఆధార రాస్టర్‌గా ఇచ్చి దాని జాలకంపై బహుభుజిని రాస్టరైజ్ చేయాలి. టెర్రాలో రాస్టరైజ్ ఆదేశానికి రెండవ అంశంగా ఆ చిత్రాన్నే ఇవ్వవచ్చు. ఆర్క్‌జీఐఎస్‌లో స్నాప్ రాస్టర్ అనే అమరిక ఇందుకే ఉన్నది. క్యూజీఐఎస్‌లో విస్తృతి అడిగిన చోట బహుభుజి పొరను కాక చిత్రపు పొరను ఎంచుకొని, గడి పరిమాణాన్ని కూడా చిత్రానిదే ఇవ్వాలి.

గడిని ఎంచుకొనే నియమం, విస్తీర్ణంపై దాని ప్రభావం

జాలకం సరిగ్గా ఉన్నా అంచు గడులను ఎలా ఎంచుకోవాలన్న ప్రశ్న మిగులుతుంది. ఎకరం విస్తీర్ణం గల పై చతురస్రపు పొలాన్నే తీసుకొని, దాని భుజాలు జాలకానికి సమాంతరంగా ఉన్నాయనుకుందాం. కేంద్ర నియమం ప్రకారం 10 మీటర్ల గడులలో ఒక్కో భుజం వెంట 6 లేదా 7 కేంద్రాలు పడతాయి. పొలం జాలకంపై ఎక్కడ పడిందన్న దానిని బట్టి 36, 42, 49 గడులలో ఏదో ఒకటి వస్తుంది. అంటే అదే పొలం 0.89, 1.04, 1.21 ఎకరాలలో ఏదైనా కావచ్చు. ల్యాండ్‌శాట్ 30 మీటర్ల గడులలో ఈ తేడా 0.89 నుంచి 2.00 ఎకరాల వరకు ఉంటుంది.

తాకిన ప్రతి గడినీ తీసుకొనే నియమంలో 10 మీటర్ల గడులలో 49 నుంచి 64 వరకు వస్తాయి. అంటే 1.21 నుంచి 1.58 ఎకరాలు. 30 మీటర్ల గడులలో 2.00 నుంచి 3.56 ఎకరాలు. ఈ రెండు నియమాల మధ్య ఉన్న ముఖ్యమైన భేదాన్ని విద్యార్థులు గ్రహించాలి. కేంద్ర నియమంలో ఒక్కో పొలానికి తప్పు రెండు వైపులా ఉంటుంది. అనేక పొలాలను కలిపినప్పుడు హెచ్చుతగ్గులు ఒకదానినొకటి సరిచేసుకొని సగటు ఎకరం దగ్గరకే వస్తుంది. తాకిన గడుల నియమంలో తప్పు ఎప్పుడూ ఒకే వైపు. 10 మీటర్ల గడులలో సగటున 34 శాతం ఎక్కువ, 30 మీటర్ల గడులలో రెట్టింపు కంటె ఎక్కువ విస్తీర్ణం వస్తుంది. పైగా పక్కపక్క పొలాల గట్టుపై ఉన్న గడి ఇద్దరి లెక్కలోను చేరుతుంది. ఎన్ని పొలాలను కలిపినా ఈ తప్పు తగ్గదు.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. ఆ కమతం కూడా తరచుగా ఒకే ముక్కగా ఉండదు. అందువల్ల విశాలమైన పొలాలు గల దేశాలలో ఉపేక్షించదగిన అంచు గడుల సమస్య మన పరిస్థితులలో ఫలితాన్నే మార్చగలదు. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో ప్రధాన పంటలకు గ్రామం లేదా గ్రామ పంచాయతీని యూనిట్‌గా తీసుకుంటారు. యూనిట్ చిన్నదవుతున్న కొద్దీ అంచు గడుల వాటా పెరుగుతుందన్నది ఇటువంటి చోట్ల గుర్తుంచుకోవలసిన విషయం.

ఉద్దేశాన్ని బట్టి నియమాన్ని ఎంచుకోవాలి. పొలం విస్తీర్ణం కావలసినప్పుడు గడులను లెక్కించనవసరం లేదు, బహుభుజి నుంచే నేరుగా కొలవవచ్చు. పైరు ఎన్‌డీవీఐ సగటు కావలసినప్పుడు గట్లు, బాటలు కలిసిన అంచు గడులను మినహాయించడం మేలు. ఇందుకు సరిహద్దును 10 మీటర్లు లోపలికి జరిపితే పై పొలంలో 16 నుంచి 25 వరకు గడులు మిగులుతాయి. వర్షపాతం వంటి పెద్ద గడుల సమాచారం నుంచి మండల సగటు కావలసినప్పుడు కప్పిన భాగాన్ని బట్టి భారం ఇచ్చే పద్ధతి శ్రేష్ఠం. 0.25 డిగ్రీల గడి భుజం 27 కిలోమీటర్ల వరకు ఉంటుంది. ఏ గడి కేంద్రమూ తన సరిహద్దులో పడని మండలాలు అనేకం ఉంటాయి. కేంద్ర నియమం వాటికి ఏ విలువనూ ఇవ్వదు.

వేర్వేరు ఉపగ్రహాలు, వేర్వేరు జోన్లు

రెండు ఉపగ్రహాల చిత్రాలను కలిపి వాడేటప్పుడు జాలకాల తేడా మళ్ళీ ఎదురవుతుంది. ల్యాండ్‌శాట్ చిత్రాలలో గడుల కేంద్రాలు 30 గుణిజాలపై ఉంటాయి. కాబట్టి అంచులు 15కు బేసి గుణిజాలపై పడతాయి. సెంటినెల్-2 అంచులు 10 గుణిజాలపై ఉంటాయి. ల్యాండ్‌శాట్ గడిని తొమ్మిది భాగాలు చేసి 10 మీటర్లకు తెచ్చినా రెండు జాలకాల మధ్య 5 మీటర్ల తేడా మిగిలే ఉంటుంది. అందుచేత ఒక జాలకాన్ని ప్రమాణంగా ఎంచుకొని రెండవ దానిని దానిపైకి రీశాంప్లింగ్ చేయాలి. పంట రకాల వంటి వర్గాలకు సమీప గడి పద్ధతిని, ఎన్‌డీవీఐ వంటి నిరంతర విలువలకు బైలీనియర్ పద్ధతిని వాడాలి. జీడాల్ ఉపకరణాలలో హద్దులను గడి పరిమాణపు గుణిజాలకు సర్దే ట్యాప్ అనే ఐచ్ఛికం ఉన్నది. సెంటినెల్‌కు ఇది చక్కగా సరిపోతుంది. ల్యాండ్‌శాట్‌కు 30 మీటర్ల పరిమాణంతో దీనిని వాడితే జాలకం 15 మీటర్లు, అంటే సగం గడి జరుగుతుంది.

తెలుగు రాష్ట్రాలలో అధిక భాగం 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశాల మధ్య గల యూటీఎం 44వ జోన్‌లో ఉన్నది. అయితే అనంతపురం, ఆదోని, నారాయణపేట 43వ జోన్‌లోకి, ఇచ్ఛాపురం 45వ జోన్‌లోకి వస్తాయి. జోన్ సరిహద్దుకు ఇరువైపులా ఉన్న జిల్లాలో పని చేసేటప్పుడు ఆ రెండు జోన్ల చిత్రాల జాలకాలు ఒకదానికొకటి వాలి ఉంటాయి. వీటిని విస్తృతి మార్చి కలపడం అసాధ్యం. ఒకే జోన్‌ను ప్రమాణంగా తీసుకొని ఒక్కసారి మాత్రమే రీశాంప్లింగ్ చేయాలి. లేదా జోన్ల వారీగా విస్తీర్ణాలను గణించి చివర కూడాలి. ఒకే జోన్‌లో పని చేస్తున్నప్పుడు మాత్రం నిరూపక వ్యవస్థలు వేరైతే చిత్రాన్ని మార్చకుండా బహుభుజినే చిత్రపు వ్యవస్థలోకి మార్చాలి. బహుభుజిని మార్చినప్పుడు మూలల నిరూపకాలు మాత్రమే మారతాయి. రాస్టర్‌ను మార్చినప్పుడు ప్రతి గడి విలువను తిరిగి గణించవలసి వస్తుంది.

పాటించవలసిన క్రమం

1. పని మొదలుపెట్టే ముందే ప్రమాణ జాలకాన్ని నిర్ణయించాలి. దాని నిరూపక వ్యవస్థ, గడి పరిమాణం, శేషాలను నమోదు చేయాలి.

2. బహుభుజులను ఆ నిరూపక వ్యవస్థలోకి మార్చాలి.

3. తక్కిన రాస్టర్లను ప్రమాణ జాలకంపైకి ఒక్కసారి మాత్రమే రీశాంప్లింగ్ చేయాలి.

4. సందేహం ఉన్నచోట బయటి పద్ధతిలో క్రాప్ చేసి, ఆ తరువాత మాస్క్ చేయాలి.

5. క్రాప్ చేసిన చిత్రాన్నే ఆధారంగా ఇచ్చి బహుభుజిని రాస్టరైజ్ చేయాలి. గడిని ఎంచుకొన్న నియమాన్ని నివేదికలో పేర్కొనాలి.

6. విస్తృతిని చేతితో ఆపాదించే ఆదేశాన్ని తప్పుగా నమోదైన హద్దులను సరిదిద్దడానికి మాత్రమే వాడాలి. రెండు రాస్టర్లను సరిపోల్చడానికి వాడరాదు.

7. చివరగా విస్తీర్ణం తెలిసిన కొన్ని బహుభుజులకు గడుల లెక్కను సరిచూడాలి. తేడాలు రెండు వైపులా ఉంటే అవి అంచు గడుల వల్ల ఏర్పడినవి. అన్నీ ఒకే వైపు ఉంటే ముందుగా గడిని ఎంచుకొన్న నియమాన్ని, ఆపై జాలకాన్ని పరీక్షించాలి.

ఏ గడి ఎక్కడ ఉన్నదో నిర్ణయించేది జాలకం. ఏ గడులు కావాలో చెప్పేది బహుభుజి. ఈ రెండు పాత్రలను కలగాపులగం చేయకుండా పని చేసినప్పుడే మండలానికి చెప్పిన వర్షపాతం ఆ మండలానిదిగా, పొలానికి చెప్పిన ఎన్‌డీవీఐ ఆ పొలానిదిగా ఉంటుంది. విస్తరణ శాస్త్రవేత్తలు తమకు అందిన పటాలను క్షేత్రస్థాయిలో ఉపయోగించే ముందు గడి పరిమాణాన్ని, శేషాలను, తెలిసిన ఒక స్థానాన్ని పరిశీలించడం అలవాటు చేసుకోవాలి. దీనికి పట్టే సమయం కొద్ది నిమిషాలే.